యుద్ధరంగంలో జాడ తెలియని కొడుకు

ప్రశ్న: సహాయకుడి ఉద్యోగమంటూ ఏజెంటు మా అబ్బాయిని రష్యాకు పంపాడు. సైన్యంలో చేర్చుకున్నారని చెప్పాక మూడు నెలలుగా ఫోన్ లేదు. ఎక్కడ వెతకాలి? – ఒక తండ్రి, గడివేముల

జవాబు: ఫోన్ రాకపోవడం మరణవార్త కాదు, గాయం, బందీ కావడం, ఫోన్ దగ్గర లేకపోవడం కూడా ఈ మౌనానికి కారణాలు కావచ్చు. ఉద్యోగాల పేరిట యువకులను రష్యా–ఉక్రెయిన్ యుద్ధంలోకి పంపిన ముఠాలపై 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టింది కనుక, ఇది ఒక్క ఇంటి కష్టమూ కాదు. పాస్‌పోర్టు నకలు, ఒప్పంద పత్రం, ఏజెంటుకు డబ్బు పంపిన రసీదు, చివరి వాట్సాప్ వాయిస్ సందేశం ఒక్కచోట చేర్చి (ఆ సందేశమున్న ఫోన్‌ను మార్చకూడదు, రీసెట్ చేయకూడదు), స్థానిక పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్ ద్వారా మాస్కోలోని భారత రాయబార కార్యాలయానికి విన్నవించాలి. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కేంద్ర అన్వేషణ సంస్థ, అంటే యుద్ధంలో విడిపోయినవారి సమాచారాన్ని ఇరుపక్షాల నుంచీ సేకరించే విభాగం, 2022 మార్చిలో ఈ యుద్ధానికే ప్రత్యేక కార్యాలయం తెరిచింది. అక్కడా దరఖాస్తు చేయాలి, దానికి రుసుము లేదు.

విడిపిస్తామని ఎవరైనా డబ్బడిగినా, గుర్తింపు కోసం డీఎన్‌ఏ నమూనా కావాలని కబురు వచ్చినా, ఆలస్యం చేయక నంద్యాల జిల్లా ఎస్పీ కార్యాలయానికి స్వయంగా వెళ్లండి.