మబ్బు చాటున కొండ

కార్తిక మాసపు ముసురులో మన తిరుమంగళమున మిద్దెపై నిలిచి పడమటి దిక్కు చూచినచో, నిన్నటిదాక నీలపు గీతవలె తోచిన కొండలు కానరావు. కొండలు ఎచటికిని పోలేదు. మన చూపే అంతదూరము పోవుట లేదు. నేలపై నున్న మనకు దీనివలన నష్టమేమియు లేదు. ఆకాశమున నున్నవారి మాట వేరు.

1971 డిసెంబరు 9వ తేదీ. దేశము పాకిస్తానుతో యుద్ధములో నున్న దినములవి. ఇండియన్ ఎయిర్‌లైన్సు వారి ఆవ్రో 748 విమానము, రెండు ఇంజనుల చిన్నది, మధురలో దిగుటకై క్రిందికి వచ్చుచు, విమానాశ్రయమునకు సుమారు 50 మైళ్ల దూరమున, చిన్నమనూరు సమీపమందలి ఎత్తైన కొండను ఢీకొనెను. నలుగురు సిబ్బందియు, 17 మంది ప్రయాణికులును మరణించిరి; పదిమంది ప్రయాణికులు బ్రతికిరి. చిన్నమనూరు నేడు తేని జిల్లాలోనిది. నాడది మన మధుర జిల్లాలోనిదే. జరిగినది పట్టపగలు. అయినను మసకవాతావరణమున చూపు ఆనలేదు.

విద్యార్థులారా, విమానమున ఎత్తును తెలుపు ఆల్టిమీటరు ఉండగా ఇట్లేల జరుగును? పైకి పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గునని మీరు పాఠములో చదివితిరి. సముద్రమట్టము దగ్గర ఒక మిల్లీబారు తగ్గినచో సుమారు 8 మీటర్లు ఎక్కినట్లు. ఆ పరికరము ఈ ఒత్తిడినే కొలిచి, సముద్రమట్టమునకు పైన ఎంత ఎత్తున నున్నామో చెప్పును. అడుగున నున్నది నల్లరేగడి చేనో, కొండ కొమ్మో దానికి తెలియదు. ముల్లు 1,500 మీటర్లు చూపుచున్నప్పుడు మధుర మైదానముపై అది సుఖమైన ఎత్తే. పడమటి కనుమలలో అదే ఎత్తున ఎదుట రాయి ఉండవచ్చును. మాకు తోచినంతలో ఈ పాఠమునకు ప్రాణమిదియే.

ఇక చిన్న లెక్క. విమానములు సాధారణముగా 3 డిగ్రీల వాలున దిగును. అనగా కిలోమీటరుకు సుమారు 52 మీటర్లు. విమానాశ్రయమునకు 80 కిలోమీటర్ల దూరమున ఆ వాలుపై నున్న విమానము 4,000 మీటర్లకు మించిన ఎత్తున నుండును. దక్షిణదేశమున మిక్కిలి ఎత్తైన ఆనముడి శిఖరమే 2,695 మీటర్లు! స్వల్పదూరపు ప్రయాణములలో చిన్న విమానములు అంత ఎత్తుకు ఎక్కకపోవుటయు కలదు. అందువలననే ప్రతి మార్గమునకును కనీసపు ఎత్తును ముందే నిర్ణయింతురు: దారిలోని అత్యున్నత స్థలమునకు పైన 1,000 అడుగులు, కొండల నడుమనైనచో 2,000 అడుగులు. మబ్బులో నున్నవాడు ఆ గీత దిగరాదు.

ఈ ఆపద గతకాలముతో పోలేదు. 2009 సెప్టెంబరు 2న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారును, తోడి నలుగురును నల్లమలలో, చెడు వాతావరణమున హెలికాప్టరు కూలి మరణించిరి.

1970 తరువాత, నేలకు రేడియో తరంగములను పంపి, అవి తిరిగివచ్చు కాలమునుబట్టి దూరము కొలిచి, నేల సమీపించినప్పుడు హెచ్చరించు యంత్రములు విమానములలో చేరినవి. కాని అవి క్రిందికే చూచును. నిట్రముగా లేచిన కొండ ఎదురైనచో హెచ్చరిక ఆలస్యమగును. 1990ల తరువాత వచ్చినవి భూమి పటమునంతయు జ్ఞాపకములో నుంచుకొని, ముందున్న కొండను మబ్బులోనే గుర్తించి చెప్పును.

మీ పటముల పుస్తకమున చిన్నమనూరు నుండి మధురకు గీత గీయుడు. రంగులనుబట్టి దారిలోని ఎత్తులను వ్రాసి, పైన చెప్పిన వాలును గళ్ల కాగితముపై వేసి, ఉపాధ్యాయులకు చూపుడు.