ఆయాసమునకు రెండు మూలములు: గుండె కవాటము, ఊపిరితిత్తులు

పెద్ద వయస్సున ఆయాసము కలిగినచో తెలుగు ఇండ్లలో ఉబ్బసమందురు. ఉర్దూ మాటలాడు ఇండ్లలో దమా అందురు. ‘దమ్’ అనగా ఊపిరి. పేరేదైనను నేరము ఊపిరితిత్తులపైననే పడును. పలుమారు అది న్యాయమే. ఏండ్ల తరబడి బీడీ కాల్చినవాని రొమ్మును, కట్టెల పొయ్యి ముందు బ్రదుకు గడపిన తల్లి రొమ్మును పొగ పాడుచేయుట మనమెరిగినదే. కాని అదే రొమ్ములో గుండె కవాటము కూడ చెడియున్నచో వైద్యుడేమి చేయవలెను? ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచినది ఆ ప్రశ్ననే.

ఎడమ జఠరిక నుండి రక్తము బృహద్ధమనిలోనికి పోవు ద్వారమున మూడు రేకుల కవాటము కలదు. తరగతిలో గొఱ్ఱె గుండెను కోసి చూచిన మిత్రులు ఆ రేకులెంత పలుచనివో ఎరుగుదురు. ఆరోగ్యవంతునిలో ఆ ద్వారము 3 నుండి 4 చదరపు సెంటీమీటర్లు తెరచుకొనును. వార్ధక్యమున రేకులపై సున్నము పేరుకొని, మార్గము 1 చదరపు సెంటీమీటరుకు లోబడినచో వ్యాధి తీవ్రమైనదందురు. ఆయాసము, రొమ్ము నొప్పి, స్పృహ తప్పుట దాని లక్షణములు. అవి కనబడిన పిదప కవాటమును మార్చనిచో చాలమంది కొద్ది సంవత్సరములకు మించి జీవింపరు. ఆ సున్నమును కరగించు మందు లేదు.

ఊపిరితిత్తుల వ్యాధి ఈ రోగమును దాచిపెట్టును కూడ. గాలి చిక్కుకొని ఉబ్బిన రొమ్ములో గుండె చప్పుడు లోతున అణగిపోవుటచే, ఇరుకైన కవాటము చేయు మర్మర ధ్వని స్టెతస్కోపునకు సరిగా అందదు. ఎకో పరీక్షలో సైతము అడ్డముగానున్న గాలి వలన చిత్రము మసకబారును. ఇట్లు రోగి పీల్చు మందులతోనే కాలము గడపుచుండును. లోపల కవాటము బిగిసిపోవుచుండును.

ఆల్బర్ట్ స్టార్ అను వైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరు కలసి రూపొందించిన కృత్రిమ కవాటము 1960లో అమెరికాలో రోగులకు అమర్చబడినది. మన దేశమున తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన కవాటము 1990లో తొలిసారి వాడబడినది. ఈ కవాటములను అమర్చుటకు రొమ్ము ఎముకను కోయవలెను, గుండెను ఆపవలెను, రక్తమును యంత్రము ద్వారా నడపవలెను. మంచి ఊపిరితిత్తులు గలవాడు దీనిని తట్టుకొనును. గట్టిగా ఊదినపుడు మొదటి సెకనులో వెలువడు గాలి, ఉండవలసినదానిలో సగము కూడ లేనివాని స్థితి వేరు. కోత నొప్పిచే అతడు దగ్గలేడు. దగ్గలేనందున కఫము నిలుచును, న్యుమోనియా పట్టును. శ్వాసయంత్రము నుండి విడిపించుట దినముల తరబడి సాగును. అందుచేత శస్త్రచికిత్సకు ముందే పొగ మానిపించి, పీల్చు మందులు సరిచేసి, శ్వాస వ్యాయామములు నేర్పుదురు. అయినను పలువురిని ‘శస్త్రచికిత్సకు తగరు’ అని త్రిప్పి పంపుచుండిరి.

ఫ్రాన్సు దేశమున రువాన్ నగరములో 2002 ఏప్రిల్ 16న అలాన్ క్రిబియే రొమ్ము కోయకయే, తొడ వద్ద రక్తనాళము గుండా గొట్టము పంపి, ముడిచిన కవాటమును బెలూనుతో విప్పి అమర్చెను. రోగి 57 ఏండ్లవాడు. కవాటము చక్కగా పనిచేసినది. గుండె మరల క్షీణింపలేదు. కాని కాలి రక్తప్రసారము చెడి, కాలు తీసివేయవలసివచ్చి, 17 వారములకు అతడు మరణించెను. ఈ మొదటి ఉదాహరణముననే విషయమంతయు ఇమిడియున్నదని మా అభిప్రాయము: కవాటము బాగుపడుట వేరు, మనిషి బాగుపడుట వేరు.

శస్త్రచికిత్సకు తగరనిన 358 మందిపై జరిగిన పార్ట్‌నర్ పరిశోధన 2010లో వెలువడినది. వారిలో ఊపిరితిత్తుల వ్యాధిగ్రస్తులు అనేకులు. ఏడాదిలో సాధారణ చికిత్స పొందినవారిలో 50.7 శాతము, గొట్టము ద్వారా కవాటము పొందినవారిలో 30.7 శాతము మరణించిరి. నేడు ఈ పద్ధతిలో పలువురికి పూర్తి మత్తు కూడ అక్కరలేదు, తొడ వద్ద తిమ్మిరి మందు చాలును. ఇది గొప్ప మేలు. అయితే కీళ్ళవాతపు జ్వరము వలన యౌవనముననే ద్విపత్ర కవాటము చెడిన మన రోగులలో అధికులకు ఈ మార్గము వర్తింపదు.

ఇక మిగిలినది కఠినమైన లెక్క. ఆయాసములో కవాటము వంతెంత, ఊపిరితిత్తుల వంతెంత? గుండె వెనుక రక్తము నిలిచి ఊపిరితిత్తులు బరువెక్కినపుడు ఊదు పరీక్ష సైతము ఉన్నదానికంటె చెడుగా చూపును. అట్టివానికి కవాటము మార్చిన పిదప శ్వాస కొంత మెరుగగును. మరొక వైపు, ఇంటిలోనే ఆక్సిజన్‌పై ఆధారపడి, ఆరు నిమిషములలో 50 మీటర్లయినను నడువలేనివారికి ఫలితము స్వల్పమని అనుభవము చూపినది. తేల్చుకొనలేనపుడు కొందరు వైద్యులు బెలూనుతో కవాటమును తాత్కాలికముగా వెడల్పు చేసి, కొన్ని వారములు వేచి చూతురు. ఆ వారములలో రోగి మెట్లెక్కుట సులభమైనచో కొత్త కవాటము అమర్చుదురు.