వాదానికి గండి ఎక్కడ?

రీజనింగు పరీక్షలో ‘ఈ వాదాన్ని బలహీనపరిచే వాక్యం ఏది?’ అని అడిగితే, నిర్ణయానికి గట్టిగా ఎదురుచెప్పే వాక్యానికి టిక్కు పెట్టేవాణ్ణి. మార్కులు అక్కడే పోయేవి! నిజానికి వెతకవలసింది ఆధారానికీ నిర్ణయానికీ మధ్య చెప్పకుండా దాచుకున్న ఊహను.

ఈ వాదం చూడండి: యుద్ధం నుంచి తిరిగొచ్చిన విమానాల రెక్కలకు తూట్లు ఎక్కువ, ఇంజన్లకు తక్కువ, కనుక రెక్కలకే కవచం తొడగాలి. ‘ఇంజనుకు దెబ్బతగిలినవి చాలావరకు తిరిగి రాలేదు’ అంటే చాలు, వాదం కుప్పకూలుతుంది. తూట్ల లెక్క మాత్రం అబద్ధం కాలేదు, గమనించారా? రాని విమానాలూ వచ్చినవాటిలాంటివే అన్న ఊహ ఒక్కటే పోయింది. 1943లో కొలంబియా విశ్వవిద్యాలయంలో అబ్రహాం వాల్డ్ లెక్కకట్టింది ఆ రానివాటినే.

‘కవచం బరువెక్కువ’ అనే ఛాయిస్ కూడా ఇస్తారు. నిజమే, కాని ఆ బరువు ఇంజనుకు తొడిగినా తప్పదు. ఒకప్పుడైతే నేను దానికీ టిక్కు పెట్టేవాణ్ణే.