మాదిరి పత్రము: దాని ప్రయోజనమును, పరిమితియు

మన విద్యార్థులు విజ్ఞానశాస్త్ర ప్రయోగములను వ్రాయు రికార్డు పుస్తకము కోఠి యంగళ్ళలో దొరకునదే. ప్రతి ప్రయోగమునకును ఉద్దేశము, పరికరములు, పద్ధతి, కొలతల పట్టిక, ఫలితము అను శీర్షికలు వరుసగా నుండును. ప్రయోగము మారినను ఈ వరుస మారదు. దీని నాధారముగా గొని సాఫ్టువేరు నిర్మాణమందలి యొక ముఖ్యవిషయమును వివరింప దలచితిమి.

సాఫ్టువేరనగా కంప్యూటరుచే పని చేయించు ఆజ్ఞల సముదాయము. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఈ వృత్తి మన నగరమందలి యెన్నియో కుటుంబములకు జీవనాధారమైనది. పెద్ద సాఫ్టువేరును పలువురు కలిసి నెలల తరబడి నిర్మింతురు. కోరువారి యవసరములను దెలిసికొనుట, రూపకల్పన చేయుట, ఆజ్ఞలు వ్రాయుట, పరీక్షించుట, అప్పగించుట యనునవి యిందలి ఘట్టములు. ప్రతి ఘట్టమునందును ఎవరేమి చేయవలెను, ఏది సిద్ధము కావలెను, ఎవరు సరిచూడవలెను అని ముందుగా వ్రాసి యుంచినదే మాదిరి పత్రము. ఒక పనిలో దొరలిన పొరపాటు మరుసటి పత్రమున నొక ప్రశ్నయై చేరును. ఇట్లు క్రొత్తవారికి పాతవారి యనుభవము లభించును.

నిర్మాణపద్ధతియు సాఫ్టువేరు వంటిదేయనియు, దానిని గూడ స్పష్టముగా వ్రాయవచ్చుననియు 1987లో ఆస్టర్‌వీల్ అను అమెరికా పండితుడు ప్రతిపాదించెను. 1991లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు జెందిన సాఫ్టువేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ సంస్థల సామర్థ్యమును కొలుచుటకు ఐదు మెట్లను ప్రకటించెను. సంస్థకంతటికిని ఒకే పద్ధతి యుండవలెననియు, ప్రతి పనికిని దానిని తగినట్లు సవరించుకొనవలెననియు మూడవ మెట్టు చెప్పుచున్నది.

ఈ సవరణను మరచిన నేమగును? 1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు ఎగిరిన నిమిషములోపలనే ముక్కలయ్యెను. అందు మనుష్యులు లేకుండుట యదృష్టము. పూర్వపు ఏరియన్ 4కు వ్రాసిన సాఫ్టువేరు భాగమునే దీనియందును వాడిరి. క్రొత్త రాకెట్టు వేగము హెచ్చు. 32,767కు మించిన సంఖ్య పట్టని చోట అంతకంటె పెద్ద సంఖ్య వచ్చి పడుటచే దిక్కు దెలుపు యంత్రము నిలిచిపోయెను. పాత రాకెట్టునం దెన్నడును తప్పని భాగమే యది. క్రొత్త రాకెట్టు గమనమునకు దానిని పరీక్షింపకుండుటయే లోపమాయెను.

ఇక రికార్డు పుస్తకమునకు వత్తము. తోటివాని పుస్తకమును జూచి వ్రాయు బాలుడు శీర్షికలతో బాటు అంకెలను గూడ దింపుకొనును. పుట నిండును గాని ప్రయోగము జరుగదు. మాదిరి పత్రమును నింపుటయే పని యనుకొను ఇంజనీరును అట్టివాడే. బాలురారా, శీర్షికలను ఎరువు దెచ్చుకొనవచ్చును. కొలతలు మాత్రము మీరు స్వయముగా దీసికొన్నవే కావలెను.