సెలవుల్లో ఊరెళితే పిల్లలకు ఏం వస్తుంది?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈమధ్య ఏళ్ళలో ఏప్రిల్ 23 ప్రాంతంలో బడులు మూసి జూన్ 12న తెరుస్తున్నారు. నడుమ ఏడు వారాలు. హైదరాబాదులోనో విశాఖలోనో ఉద్యోగాలు చేసుకునే తల్లిదండ్రులకు ఆ ఏడు వారాల బెంగ మార్చి నుంచే మొదలవుతుంది. సమ్మర్ క్యాంపులో చేర్చాలా, ఐఐటీ ఫౌండేషన్ కోర్సులో వెయ్యాలా, లేక ఇంట్లోనే ఉంచి సెల్‌ఫోను కోసం రోజూ యుద్ధం చెయ్యాలా? ఇంతలో ఇంటి పెద్దలెవరో "పిల్లల్ని ఊరికి పంపండమ్మా, మంచి గాలి, పచ్చని చేలు" అంటారు. సలహా మంచిదే, చెప్పిన కారణాలే నిలవవు. ఊరు పిల్లలకు మేలు చేస్తుందని నేనూ అనుకుంటాను. ఆ మేలు గాలిలో, పచ్చదనంలో ఉందని మాత్రం అనుకోను. అసలు మే నెలలో పచ్చదనం ఎక్కడిది? డెల్టాలో దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. తెలంగాణ మెట్ట చేలల్లో పత్తికట్టె పీకేసిన నేల ఎండకు బీటలు వారి ఉంటుంది.

ఆరోగ్యం సంగతి చూసినా అంతే. అమెరికాలో అమిష్, హట్టరైట్ అనే రెండు వ్యవసాయ సమాజాల పిల్లల్ని పోల్చిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. ఇంటి పక్కనే పశువుల కొట్టం ఉండే అమిష్ పిల్లల్లో ఉబ్బసం 5 శాతం మందికి ఉంటే, పెద్ద యంత్రాలతో సేద్యం చేసే హట్టరైట్ పిల్లల్లో 21 శాతం మందికి ఉంది. పల్లె మట్టి తగిలితే చాలు రోగాలు రావనేవాళ్ళకు ఇది బాగా నచ్చే లెక్క. కానీ ఆ పిల్లలు పుట్టింది మొదలు కొట్టాల మధ్యే పెరిగారు. పదేళ్ళు అపార్ట్‌మెంటులో ఉండి, మూడు వారాలు గేదెల వెనక తిరిగిన పిల్లవాడికి అది వర్తించదు. కంటిచూపు గురించిన ఆధారం ఇంతకంటే గట్టిది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడి రోజుల్లో మరో 40 నిమిషాలు ఆరుబయట ఉంచి చూశారు. మూడేళ్ళలో వాళ్ళలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. అలా ఉంచని బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. అయితే అక్కడ పని చేసింది పగటి వెలుతురు. అది మేడ మీదా దొరుకుతుంది, కాలనీ పార్కులోనూ దొరుకుతుంది. పైగా వేసవిలోనే కాదు, ఏడాది పొడుగునా కావాలి.

మరి ఊళ్ళోనే దొరికేది ఏమిటి? పెద్దవాళ్ళు పని చేస్తుండగా చూడటం, ఆ పనిలో తానూ ఒక చెయ్యి వెయ్యడం. నగరంలో పుట్టిన పిల్లలకు తల్లిదండ్రుల పని కనిపించదు. లాప్‌టాప్ సంచి తగిలించుకుని వెళ్ళడం, అలసిపోయి రావడం కనిపిస్తుంది. ఇంటి నుంచి పని చేసే రోజున "మీటింగులో ఉన్నాను, అవతలికి వెళ్ళు" అన్న మాట వినిపిస్తుంది. బియ్యం సంచిలో వస్తాయి, నీళ్ళు కుళాయిలో వస్తాయి, చెడిపోయిన ఫ్యాను పోయి కొత్తది వస్తుంది. ఊళ్ళో వేసవి తీరిక కాలమంటారు గానీ, కళ్ళ ముందు జరిగే పనులకు లెక్కలేదు. వడ్లు ఎండబెట్టి ఎత్తడం, పశువుల ఎరువు చేలకు తోలడం, చెరువు పూడిక మట్టి ట్రాక్టర్లకెత్తడం, మామిడికాయ కోతలు, వడియాలు పెట్టడం, వానలు రాకముందే పాక కప్పుకోవడం. తెల్లవారకముందే ఉపాధి హామీ పనికి బయల్దేరే ఆడవాళ్ళ మాటలతో వీధి మేలుకుంటుంది. ఏ పనీ గది తలుపు వెనక జరగదు.

దీని విలువేమిటో బార్బరా రోగోఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలుగా పరిశీలించారు. ఆమె గ్వాటెమాలాలోని మాయా గ్రామాల పిల్లల్ని అమెరికాలో మధ్యతరగతి ఇళ్ళ పిల్లలతో పోల్చి చూశారు. 2009లో మరిసెలా కొరియా చావెజ్‌తో కలిసి ప్రచురించిన పరిశోధనలో, ఒక పిల్లవాడికి బొమ్మ చెయ్యడం నేర్పుతుంటే పక్కనే కూర్చున్న తోబుట్టువు ఏం చేస్తుందో గమనించారు. తనకు నేర్పకపోయినా మాయా పిల్లలు ఎక్కువగా కన్నార్పకుండా చూశారు. వారం తర్వాత అదే బొమ్మ చెయ్యమంటే తక్కువ సాయంతో చేశారు. ఎవరూ తనకోసం పాఠం చెప్పకపోయినా చుట్టూ జరుగుతున్నదాని మీద మనసు నిలపడం ఒక గుణం. అది పుట్టుకతో వచ్చేది కాదు, పనుల మధ్య మసలడం వల్ల అలవడేదని రోగోఫ్ అభిప్రాయం. వ్యక్తిత్వ వికాసం పేరుతో మనం పిల్లలకు కొనిపెడుతున్న తరగతుల్లో దాదాపు అన్నీ దీనికి ఎదురు దిక్కున నడుస్తాయి. అక్కడ ప్రతిదీ పిల్లవాడి కోసమే జరుగుతుంది, ప్రతిసారీ అతన్నే పేరు పెట్టి పిలుస్తారు.

ఆవకాయ పెట్టే రోజును తీసుకోండి. కాయ కడిగి తుడిచి కత్తిపీట మీద ముక్కలు కొట్టడం పెద్దవాళ్ళ వంతు. ముక్కలోని జీడి తీసి, టెంకకు అంటిన పలుచటి పొర ఒలిచి, పొడిగుడ్డతో తుడిచి పక్కన పెట్టడం ఎనిమిదేళ్ళ పిల్ల చేతికి వచ్చే పని. తడి మిగిలితే జాడీ అంతా బూజు పట్టవచ్చు, ఏడాది పచ్చడి పోతుంది. ఆ సంగతి ఆ పిల్లకు తెలుసు, ఎందుకంటే పక్కన కూర్చున్న పెద్దమ్మ నాలుగు ముక్కలు తిరిగి తీసి "ఇది తుడిచినట్టా?" అని అడుగుతుంది. సమ్మర్ క్యాంపులో కాగితం పువ్వు వంకరగా వచ్చినా చప్పట్లు కొడతారు, ఆఖరి రోజున అందరికీ సర్టిఫికెట్టు ఇస్తారు. ఆ పువ్వు వల్ల ఎవరికీ లాభమూ లేదు నష్టమూ లేదని పిల్లలకు తెలియదనుకోవడం మన అమాయకత్వం. తన పని బాగుంటే నలుగురూ తింటారు, చెడితే నలుగురికీ పోతుందన్న ఎరుక వేరు. దాన్నుంచి వచ్చే ఆత్మవిశ్వాసానికి పొగడ్త అక్కర్లేదు. అమ్మానాన్న కాని మనిషి మందలింపు ఎలా తీసుకోవాలో కూడా అక్కడే తెలుస్తుంది. ఇప్పటి నగరపు పిల్లలకు ఆ అవకాశం చాలా అరుదు.

ఇక ఏ పనీ లేని వేళలూ ఉంటాయి. మధ్యాహ్నం ఎండలో ఊరు నిద్రపోతుంది, కరెంటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మొదటి నాలుగైదు రోజులు పిల్లలు "బోర్" అని ప్రాణం తీస్తారు. తీయనివ్వాలి. కొలరాడో విశ్వవిద్యాలయంలో 70 మంది చిన్నపిల్లలపై చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్దలు నిర్దేశించని సమయం ఎక్కువగా ఉన్నవాళ్ళు తమంతట తాము లక్ష్యం పెట్టుకుని సాగే పరీక్షలో మెరుగ్గా కనిపించారు. అదే కారణమని ఆ అధ్యయనం నిరూపించలేదు, చిన్న లెక్క కూడా. అయినా దిశ సరైనదే అనిపిస్తుంది. తర్వాతేం చెయ్యాలో చెప్పేవాళ్ళు లేనప్పుడే కదా, ఏం చెయ్యాలో తేల్చుకునే అవసరం పడేది.

దీని మీద అభ్యంతరాలు చాలానే ఉన్నాయి, అన్నీ కొట్టిపారేయదగ్గవి కావు. మొదటిది ఎండ. 2015 మేలో వీచిన వడగాలులకు రెండు రాష్ట్రాల్లో వేయిమందికి పైగా చనిపోయారు. రెంటచింతల, రామగుండం పేర్లు వేసవి వార్తల్లో ఎందుకు వస్తాయో అందరికీ తెలుసు. పదకొండు దాటాక నాలుగింటి దాకా నీడపట్టునే ఉంచాల్సిందే. రెండోది బావులు, చెరువులు, కాలువ గుంటలు. ఈత రాని పిల్లవాణ్ణి పెద్దతోడు లేకుండా నీళ్ళ దరిదాపులకు పంపకూడదు, ఇందులో బేరమే లేదు. పాముల భయం నిజమే. దేశంలో పాముకాటుకు ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని 2020 నాటి అంచనా. ఆ మరణాల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపు జరిగేవి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది కాబట్టి మంచం, దోమతెర తప్పనిసరి. ఆరుబయట చాప మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టడమనే ముచ్చటను వదులుకుందాం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం ఇంకొకటి. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందుంచుతూ అంబేడ్కర్, పల్లెను ఆదర్శంగా పొగిడేవాళ్ళను తూర్పారబట్టారు. సంకుచితత్వానికీ అజ్ఞానానికీ పల్లె నిలయమని ఆయన తీర్పు. నేటికీ ఊళ్ళో వాడలు విడిగానే ఉన్నాయి. ఎవరి ఇంట్లోకి ఎవరు రారో, ఎవరిని ఏ వయసువాళ్ళు "ఒరే" అంటారో పిల్లలు రెండు రోజుల్లోనే పసిగడతారు. అవమానాలు దాటుకుని నగరం చేరిన కుటుంబాలకు ఆ ఊరికే తిరిగి వెళ్ళమని చెప్పే హక్కు ఎవరికీ లేదు, నాకూ లేదు. వెళ్ళే మిగతావాళ్ళు ఈ ప్రశ్నలు పిల్లల నోట వచ్చినప్పుడు తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. చెప్పలేనివాళ్ళు పిల్లల్ని పంపకపోవడమే నయం. అక్కడి పెత్తనాన్ని కూడా వాళ్ళు పనులతో పాటే నేర్చుకుని వస్తారు. అలాగే, మన పిల్లకు అనుభవంగా కనిపించే పని పక్కింటి కూలీ పిల్లకు బరువు. ప్రమాదం లేని ఇంటిపనుల్లో సెలవుల్లో పిల్లలు సాయపడవచ్చని 2016 సవరణ తర్వాత బాలకార్మిక చట్టం ఒప్పుకుంటుంది. బడికి దూరమైన ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని బాలల హక్కుల కార్యకర్త శాంతా సిన్హా, ఆమె సంస్థ ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఏళ్ళ తరబడి వాదించారు. నచ్చనప్పుడు లేచి వెళ్ళిపోగలగడమే మన పిల్లకున్న సౌకర్యం. ఆ తేడా తెలియని పిల్లకు ఊరు చూపించి లాభం లేదు.

ఊరు మునుపటిలా లేదనీ, అందరి చేతుల్లో ఫోన్లేననీ, కోతలన్నీ యంత్రాలవేననీ అంటారు. చాలావరకు నిజమే. కానీ ఒక విచిత్రం గమనించండి. ఊరి పిల్లల్లో చాలామంది ఏడాదంతా గురుకులాల్లో, పట్నం హాస్టళ్ళలో ఉంటారు. వాళ్ళూ ఊళ్ళో ఉండేది ఈ ఏడు వారాలే. చదువు వెనకబడుతుందన్న భయానికీ ఆధారం ఉంది. వేసవి సెలవుల్లో పిల్లలు సగటున నెల రోజుల చదువు మరిచిపోతారని అమెరికా పరిశోధకుడు హారిస్ కూపర్ బృందం 1996లో లెక్కకట్టింది, లెక్కల్లో ఇంకొంచెం ఎక్కువ. రోజూ ఉదయం అరగంట లెక్కలు చేయించడానికి ఊళ్ళో అడ్డమేముంది?

అన్నిటికంటే బరువైన ఆటంకం పెద్దవాళ్ళ మోకాళ్ళు. అమ్మమ్మను జీతం లేని ఆయాగా చూసి, పిల్లల్ని దింపి మర్నాడే బస్సెక్కే పద్ధతి అన్యాయం. అమ్మ ఒక వారం, నాన్న ఒక వారం అక్కడ ఉండాలి, వంటకు సాయంగా ఎవరినైనా పెట్టి ఆ ఖర్చు తామే భరించాలి. ఇల్లు అమ్ముకుని ఊరితో తెగిపోయినవాళ్ళు ఫార్మ్ స్టే కొనుక్కోవడం కంటే, చిన్న పట్నంలో కిరాణా కొట్టో వడ్రంగం పనో నడిపే దూరపు చుట్టాన్ని అడగడం మేలు. ఫార్మ్ స్టేలో మళ్ళీ అతిథులే అవుతారు. అదే కారణంతో నాలుగు వారాంతాల కంటే ఒక్కసారిగా మూడు వారాలు మంచివి. మొదటి వారమంతా చుట్టపు మర్యాదలతోనే గడిచిపోతుంది. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, ఆ ఎండలకు ముందే తిరిగి రావడం క్షేమం. సెలవులిచ్చిన మర్నాడే బయల్దేరితే మే నెల నడిమికి మామిడికాయ పనులూ ముంజలూ జాతరలూ చూసి రావచ్చు. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు కాబట్టి, ఈ నిర్ణయం పిల్లల్ని కూడా అడిగి ఫిబ్రవరి మూడో వారానికల్లా తేల్చుకోవాలి.