ఇంటి కంప్యూటరే పోస్టాఫీసయితే!

తాడేపల్లిగూడెంలో డబ్బాలో వేసిన ఉత్తరం భీమడోలుకు ఎలా చేరుతుంది? దానిపై 534425 అనే పిన్‌కోడు ఉంటుంది. మొదటి మూడంకెలు ఉత్తరం ఏ ప్రాంతానికి వెళ్లాలో, చివరి మూడంకెలు అక్కడ ఏ పోస్టాఫీసుకు చేరాలో చెబుతాయి. మన దేశంలో ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలయింది. దారిలో ఉత్తరాలు వేరుచేసేవారికి మీ పేరుతో పనిలేదు. పోస్టాఫీసు తెలిస్తే చాలు. మీ ఇల్లు ఎక్కడో చూసుకోవలసింది భీమడోలు పోస్టుమాను!

ఈ-మెయిలులోనూ ఇదే సూత్రం. 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు చిరునామాను '@' గుర్తుతో రెండుగా విడదీశాడు. గుర్తుకు ముందున్నది మనిషి పేరు, తరువాతది పోస్టాఫీసు పేరు అన్నమాట. ఆ పోస్టాఫీసు పని చేసే కంప్యూటరే మెయిల్ సర్వర్.

మనలో చాలామందికి ఈ సర్వర్ ఎక్కడో ఒక పెద్ద కంపెనీ భవనంలో ఉంటుంది. మన ఉత్తరాలన్నీ వారి బీరువాలోనే ఉంటాయి. ఆ ఖాతా మూతపడితే ఉత్తరాలతో పాటు చిరునామా కూడా పోతుంది. మరి ఆ పోస్టాఫీసును మన ఇంట్లోనే పెట్టుకోకూడదా? పెట్టుకోవచ్చు! దాని నియమాలు రహస్యం కావు. వీట్సె వెనెమా అనే శాస్త్రజ్ఞుడు తయారుచేయగా 1998లో విడుదలయిన 'పోస్ట్‌ఫిక్స్' వంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి.

రెండు కంప్యూటర్ల సంభాషణ

భీమడోలులో లలిత అనే పదో తరగతి అమ్మాయి ఇంట్లో సర్వర్ పెట్టిందనుకుందాం. ఆమె తాడేపల్లిగూడెంలో ఉన్న మామయ్యకు ఉత్తరం రాసింది. లలిత సర్వర్ ముందుగా '@' తరువాతి పేరును చూస్తుంది. "ఈ పేరుకు ఉత్తరాలు అందుకునే కంప్యూటరు ఏది?" అని డి.ఎన్.ఎస్. అనే చిరునామా పుస్తకాన్ని అడుగుతుంది. సమాధానంగా దొరికిన ఐ.పి. నంబరుకు వెళ్లి, పోర్టు 25 అనే తలుపు తడుతుంది. అవతలి సర్వర్ 220 అంటుంది. "సిద్ధంగా ఉన్నాను" అని దాని అర్థం. ఇవతలి సర్వర్ తన పేరు చెప్పి, ఉత్తరం ఎవరు పంపారో, ఎవరికో చెబుతుంది. ప్రతి మాటకూ 250, అంటే "సరే" అని జవాబు వస్తుంది. "డేటా" అనగానే 354, అంటే "ఇక చెప్పు" అని వస్తుంది. ఉత్తరమంతా పంపి, చివర ఒక్క చుక్క మాత్రమే ఉన్న పంక్తి పంపితే, మళ్లీ 250!

ఈ చివరి 250 చాలా బరువైన మాట. "ఇకనుంచి ఈ ఉత్తరం బాధ్యత నాది" అని దాని అర్థం. అటుపైన ఉత్తరం పోతే తప్పు అందుకున్న సర్వరుదే. 1982లో జాన్ పోస్టెల్ రాసిన నియమాల సారం ఇదే.

కరెంటు పోతే?

కొల్లేరు ప్రాంతంలో తుఫాను వచ్చి రెండు రోజులు కరెంటు లేదనుకోండి. లలితకు వచ్చే ఉత్తరాలు పోతాయా? పోవు. పంపే సర్వర్ వాటిని తన దగ్గరే వరుసలో ఉంచి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగయిదు రోజులు ఇలా ప్రయత్నించాలని నియమం. అప్పటికీ తలుపు తెరుచుకోకపోతే పంపినవారికి తిరుగుటపా వెళుతుంది.

ఖర్చు లెక్కవేద్దాం. 10 వాట్ల చిన్న కంప్యూటరు రాత్రింబగళ్లు నడిస్తే, 10 × 24 × 30 = 7,200 వాట్-గంటలు. అంటే నెలకు 7.2 యూనిట్లు. దీనికి పేరు కోసం ఏటా కట్టే రుసుము కలుపుకోవాలి.

అసలు చిక్కులు

మొదటి చిక్కు నంబరు. పాత పద్ధతి ఐ.పి. నంబరులో 32 బిట్లు ఉంటాయి. కాబట్టి మొత్తం నంబర్లు సుమారు 430 కోట్లే. ప్రపంచ నిల్వలోని చివరి వాటాలను 2011 ఫిబ్రవరిలో పంచేశారు. అందుకే చాలా ఇంటర్నెట్ సంస్థలు అనేక ఇళ్లకు కలిపి ఒకే నంబరు ఇస్తున్నాయి. ఒకే డోరు నంబరుతో ఇరవై వాటాలున్న లోగిలిని ఊహించుకోండి. లోపలివారు బయటికి వెళ్లగలరు గాని, బయటినుంచి వచ్చిన పోస్టుమానుకు ఏ వాటాలోకి వెళ్లాలో తెలియదు! అందుచేత లలిత తన సంస్థను అడిగి విడిగా ఒక స్థిరమైన నంబరు తీసుకోవాలి. పోర్టు 25 తెరిచి ఉందో లేదో కూడా కనుక్కోవాలి. చాలా సంస్థలు ఇళ్లకు ఆ తలుపు మూసే ఉంచుతాయి.

ఎందుకు మూస్తాయి? ఇది రెండవ చిక్కు. కవరు వెనుక ఎవరి పేరయినా రాయవచ్చు గదా! 1982 నాటి నియమాలలోనూ పంపినవారు ఫలానావారేనని రుజువు చేసే ఏర్పాటు లేదు. మోసగాళ్లు దీనిని వాడుకున్నారు. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్ల నుంచి లక్షల కొద్దీ చెత్త ఉత్తరాలు పంపారు. అందువల్ల ఇళ్ల నంబర్ల నుంచి వచ్చే ఉత్తరాలంటే పెద్ద సర్వర్లకు అనుమానం. అది పోవాలంటే లలిత మూడు పనులు చేయాలి. తన పేరుతో ఏ నంబరు నుంచి ఉత్తరాలు వస్తాయో డి.ఎన్.ఎస్.లో ప్రకటించాలి. దీనిని ఎస్.పి.ఎఫ్. అంటారు. ప్రతి ఉత్తరంపై గణితంతో తయారయ్యే సంతకం వేయాలి. ఇది డి.కె.ఐ.ఎం. తన నంబరును వెతికినా తన పేరే వచ్చేటట్లు సంస్థచేత నమోదు చేయించాలి.

ఇంకొక జాగ్రత్త. ఎవరు ఇచ్చిన ఉత్తరాన్నయినా ఎవరికయినా చేరవేసేటట్లు సర్వరును వదిలేయకూడదు. మోసగాళ్లు వెతికేది అటువంటివాటినే. స్వతంత్రం వచ్చినచోట కాపలా కూడా మనదే. ఉత్తరాల నకలు వేరే డిస్కులో దాచుకోవలసిందీ మనమే.

చేసి చూడండి

మాస్టారి అనుమతితో బడిలోని లినక్స్ కంప్యూటరులో పోస్ట్‌ఫిక్స్ పెట్టండి. ఉత్తరాలు ఆ కంప్యూటరు దాటకుండా 'లోకల్ ఓన్లీ' పద్ధతి ఎన్నుకోండి. అదే కంప్యూటరు నుంచి టెల్‌నెట్‌తో పోర్టు 25 తలుపు తట్టి, పైన చెప్పిన సంభాషణను మీరే టైపు చేయండి. పంపినవారి పేరు దగ్గర మీ స్నేహితుని పేరు రాసి చూడండి. సర్వర్ అడ్డు చెప్పిందా? చెప్పకపోతే, ఈసారి "మీ ఖాతా మూసేస్తున్నాం" అని ఒక ఉత్తరం వచ్చినప్పుడు, పైనున్న పేరు చూసి ఎంతవరకు నమ్మవచ్చో మీకే తెలుస్తుంది.