రేకు కోయకముందే ఆర్సీ చదవండి

వ్యాన్‌ను ఇల్లుగా మార్చుకుని, ఆ తర్వాత చిక్కుల్లో పడినవాళ్లు ఈమధ్య మా ఆఫీసుకు ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. వీళ్లు సరదాగా తిరిగే డబ్బున్నవాళ్లు కారు. హైదరాబాద్‌లో రెండు గదులకు అద్దె, అడ్వాన్సు కట్టలేక పాత ట్రావెలరో, ఈకోనో కొని అందులోనే వండుకుని పడుకుందామనుకున్నవాళ్లు. ఒకరు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, ఒకరు ఊరూరా తిరిగి నీళ్ల ప్లాంట్లు బిగించే మెకానిక్, ఒకరు పింఛను చాలని రిటైర్డ్ ఉద్యోగి. ముగ్గురూ ఒకేచోట దెబ్బతిన్నారు. ఆర్సీలో ఉన్న బండి వేరు, రోడ్డు మీద తిరిగే బండి వేరు.

ఫొటోగ్రాఫర్ ఆర్సీ ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. తరగతి మ్యాక్సీ క్యాబ్, సీట్లు 13, స్లీపర్ 0. బండిలో చూస్తే ముందు సీట్లు రెండే మిగిలాయి. వెనక ప్లైవుడ్ మంచం, స్టీలు సింకు, దాని కింద నీళ్ల ట్యాంకు, పైకప్పు కోసి పెట్టిన గాలి కిటికీ, దాని పక్కన సోలార్ ప్యానెళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డువాళ్లు చేసిన పని అది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. ‘మరి ఆర్సీ సంగతేంటి?’ అని ఇతను అడిగితే, ‘అదంతా ఎవరూ చూడరన్నా’ అన్నారట. బండికి ఏమీ కానంతకాలం ఎవరూ చూడరు, నిజమే. ఏదైనా జరిగిన రోజున ఇన్సూరెన్స్ సర్వేయరు మొట్టమొదట చూసేది అదే.

ఆ రోజు రానే వచ్చింది. ఒంగోలు దాటాక హైవే పక్కన దాబా దగ్గర బండి ఆపుకుని నిద్రపోతుంటే వెనకనుంచి లారీ గుద్దింది. భార్య భుజం ఎముక విరిగింది. బండి వెనక సగం నుజ్జయింది. తప్పంతా లారీదే, పోలీసులు కేసు కూడా లారీ డ్రైవరు మీదే పెట్టారు. అయినా ఇతని సొంత ఇన్సూరెన్స్ కంపెనీ నయాపైసా ఇవ్వనంది. రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండి మార్చారు, మాకు చెప్పలేదు అని రెండు వాక్యాల ఉత్తరం. పైగా సర్వేయరు ఇంగ్లిషులో రాసి తెచ్చిన కాగితం మీద ఇతను చదవకుండానే సంతకం చేశాడు. ‘అనుమతి లేకుండా మార్చానని ఒప్పుకుంటున్నాను’ అని ఉంది అందులో. చదువుకున్నవాడు, కెమెరా బిల్లులో పది రూపాయలు తేడా వస్తే పట్టుకునేవాడు, తన మీదే సాక్ష్యం అయ్యే కాగితం చదవకుండా సంతకం ఎలా పెడతాడో నాకు అర్థం కాదు.

చట్టం ఏమంటుందో చూడండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. చట్టం ఒప్పుకున్న మినహాయింపులు తక్కువ. 2019 జనవరిలో కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను ఇంకా గట్టిగా బిగించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్నది గమనించండి. కిటికీకి ఒకటి, ట్యాంకుకు ఒకటి, తీసేసిన సీట్లకు ఒకటి అని లెక్క కట్టే అవకాశం ఉంది.

జరిమానా కట్టి బయటపడొచ్చు. ఇన్సూరెన్స్ దగ్గర తగిలే దెబ్బ నుంచి బయటపడటం కష్టం. లారీ వచ్చి మిమ్మల్ని గుద్దడం కాదు, మీ బండే ఎవరినైనా గుద్దిందనుకోండి. బాధితులకు ముందు కంపెనీ చెల్లించి, ఆ సొమ్ము బండి యజమాని దగ్గర రాబట్టుకోవాలని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. అద్దె మిగులుతుందని వ్యాన్ ఎక్కిన మనిషికి ఆ బాకీ వ్యాన్ అమ్మినా తీరదు. అందుకే మళ్లీ చెబుతున్నాను, ఆర్సీ మారే దారి ఉందో లేదో తేలకుండా రేకు కోయకండి.

అలాంటి బండి అసలు చట్టంలోనే లేదా అంటే, ఉంది. 2004 నవంబరు 5న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో, సొంత వాడకానికి పెట్టుకున్న క్యాంపర్ వ్యాన్‌ను రవాణాయేతర వాహనాల జాబితాలో చేర్చారు. అంటే తెల్ల నంబరు ప్లేటు. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం కూడా ఉంది. మెకానిక్ ఈ నోటిఫికేషన్ పట్టుకుని రవాణా ఆఫీసుకు వెళ్తే, కౌంటరులో ఉన్నాయన కాగితం తిప్పి కూడా చూడకుండా ‘మా సిస్టమ్‌లో అలాంటి ఆప్షన్ లేదు’ అన్నాడట. వాహన్ పోర్టల్‌లో క్యాంపర్ వ్యాన్ అనే తరగతి ఉంది! జీతం తీసుకునే మనిషి తన కంప్యూటర్‌లో ఏముందో చూసుకోకపోతే ఆ కష్టం ఎవరు పడాలి?

నోటిమాటతో తిరిగి రాకండి. దరఖాస్తు రాసిచ్చి రసీదు తీసుకోండి. కాదంటే కారణం రాసివ్వమనండి. ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. మౌఖికంగా కాదన్నదాని మీద ఏ అప్పీలూ నిలవదు.

ఇంకా కొనని వాళ్లకు నా సలహా ఒకటే. క్యాంపర్ వ్యాన్ అని ఆర్సీలో ఉన్న పాత బండి దొరికితే రెండు డబ్బులు ఎక్కువైనా అదే కొనండి. లేదంటే, ఏదీ కోయకుండా, వెల్డింగ్ చేయకుండా సరిపెట్టుకోండి. మడత మంచం, పరుపు, నీళ్ల క్యాన్లు, కిందికి దించి బయట పెట్టుకునే స్టవ్వు చాలు. సీట్లు మాత్రం ముట్టుకోకండి, వాటి సంఖ్య కూడా ఆర్సీలో ఉంటుంది. పసుపు ప్లేటు బండి కొంటే అది తెల్ల ప్లేటుకు మారేవరకు పన్ను, ఫిట్‌నెస్ గడువులు నడుస్తూనే ఉంటాయని గుర్తుంచుకోండి. అనుమతితో ఏ మార్పు చేసినా ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి పాలసీలో రాయించుకోండి. ఆర్సీ, పాలసీ, బండి మూడూ ఒకే మాట చెప్పాలి.

ఆపుకునే చోటు గురించి కూడా అడుగుతున్నారు. రోడ్డు పక్కన పది గంటలకు మించి మనిషి లేకుండా వదిలేసిన బండిని లాక్కెళ్లే అధికారం 127వ సెక్షన్ ఇస్తుంది. పెట్రోలు బంకు, దాబా, తెలిసినవాళ్ల ఖాళీ స్థలం, ఏదైనా సరే, యజమాని ఒప్పుకున్న చోటే ఆపుకోండి. ఆంధ్రా రిజిస్ట్రేషన్ బండితో తెలంగాణలో 12 నెలలు దాటి ఉంటే ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. ఇక్కడి బండి అక్కడ ఉన్నా అంతే.

ఫొటోగ్రాఫర్ తరఫున రెండు కేసులు వేశాం. మొదటిది లారీ యజమాని మీద, దాని ఇన్సూరెన్స్ కంపెనీ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో. అక్కడ గాయాలకే కాదు, బండి నష్టానికీ అడగొచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలన్న సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇతను ఇన్సూరెన్స్ ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఆ గడువును దాదాపు చివరిదాకా తెచ్చుకున్నాడు. రెండోది సొంత కంపెనీ మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. ఆగివున్న బండిని లారీ గుద్దడానికీ లోపలి మంచానికీ సంబంధం లేదన్నది మా వాదన. పాలసీ షరతు ఉల్లంఘన ఉన్నా క్లెయిములో 75 శాతం ఇప్పించిన సుప్రీంకోర్టు తీర్పు, 2010 నాటి అమలేందు సాహు కేసు, మా చేతిలో ఉంది. మొత్తం సొమ్ము వస్తుందని అతనికి నేను చెప్పలేదు, చెప్పను. సంతకం చేసిన ఆ కాగితం అవతలివాళ్ల ఫైలులో మొదటి పేజీగా ఉంది.